సమాచార దర్పణము: దోషములు, చికిత్స, దిద్దుబాటు

అద్దము మన యిండ్లలో క్రొత్త వస్తువు కాదు. గుమ్మమునకు సమీపముననో, బీరువా తలుపుననో ప్రతి యింటను ఒక యద్దముండును. ఉదయమున పాఠశాలకు బయలుదేరు బాలుడు తల దువ్వుకొనుటకును, బాలిక జడకు రిబ్బను కట్టుకొనుటకును దాని యెదుట నిలుతురు. ఆ నిలిచిన రెండు నిమిషములలో ఆ యద్దమే నేటి తేది, వారము, గంట, వాన కురియునా లేదా, నేడు జరుగు పరీక్ష యేది యను సంగతులను తెల్లని యక్షరములతో చూపినచో ఎంత సదుపాయముగా నుండును! అట్టి యద్దమునకే నేడు స్మార్ట్ మిర్రర్ అని పేరు. ఈ వ్యాసమున దానిని సమాచార దర్పణమని వ్యవహరింతము.

ఇటీవల పెక్కు కుటుంబములలో బాలబాలికలు దీనిని తామే నిర్మించుకొనుచున్నారు. చేయుట కష్టము కాదు. చేసిన పిమ్మట రెండు విధములైన చిక్కులు కలుగును. మొదటిది, కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోవుట. రెండవది, పనిచేయుచున్నను అది మన యింటి యద్దముగా గాక పరాయి యింటి యద్దముగా నుండుట. ఈ రెండింటిని గూర్చి తల్లిదండ్రులకు తెలియవలసిన విషయములను ఇచట వివరింతును. కంప్యూటరు విద్య యెరుగని వారికిని అర్థమగునట్లు వ్రాయుటయే నా యుద్దేశము.

దీని పుట్టుక, లోపలి యేర్పాటు

ఇంగ్లండు దేశమునందలి కేంబ్రిడ్జి నగరమున, బాలురకు కంప్యూటరు విద్య నేర్పవలెనను సంకల్పముతో, అరచేతిలో నిముడునంతటి చిన్న కంప్యూటరు నొకదానిని సిద్ధపరచి 2012 ఫిబ్రవరి 29వ తేదీన అమ్మకమునకు పెట్టిరి. దానిపేరు రాస్ప్‌బెర్రీ పై. నెదర్లాండ్సు దేశస్థుడైన మైకేల్ టేవ్ అను నాతడు 2014లో ఆ చిన్న కంప్యూటరును అద్దము వెనుక నమర్చి సమాచార దర్పణమును నిర్మించి, ఆ విధానమును లోకమునకు వెల్లడించెను. 2016లో అది మ్యాజిక్ మిర్రర్ స్క్వేర్ అను రూపమును దాల్చినది. ఈ ప్రోగ్రామును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. ఇంటియందు చేయబడు దర్పణములలో పెక్కింటికి ఇదియే ఆధారము.

దర్పణమున నాలుగు భాగములు గలవు. ముందు అద్దము, దాని వెనుక తెర, తెర వెనుక చిన్న కంప్యూటరు, వీని నన్నింటిని పట్టియుంచు కొయ్య చట్రము. పాత కంప్యూటరుతో వచ్చిన పలుచని మానిటరు ఇంటనున్నచో తెర కొరకు వేరుగా ధనము వెచ్చింపనక్కరలేదు. చట్రమును పటములు కట్టు దుకాణము వాడైనను, వడ్రంగి యైనను చేసి యిచ్చును.

ఇందలి అద్దము సామాన్యమైన అద్దము కాదు. సామాన్యపు అద్దమునకు వెనుక దట్టముగా లోహపు పూత, దానిపై రంగు పూత యుండును గాన వెలుతురు దాని గుండా పోజాలదు. దర్పణమునకు వాడు గాజునకు అతి పలుచని పూత మాత్రమే యుండును. తనపై పడిన వెలుతురులో అధిక భాగమును తిరుగగొట్టి, కొంత భాగమును లోనికి పోనిచ్చును. తెరలో నల్లగా నున్న చోట వెనుకనుండి వెలుతురు రాదు గనుక మన ముఖమే కన్పట్టును. తెల్లని యక్షరము లున్న చోట వెలుతురు ముందునకు వచ్చును గనుక అక్షరము కన్పట్టును. పగటివేళ వీధిలో నిలిచి కిటికీ గాజులోనికి చూచినచో మన రూపమును, రాత్రి వేళ లోపలి దీపమును కనబడుటకు కారణ మిదియే. ఈ సూత్రమును మనసున నుంచుకొన్నచో తెరకు సంబంధించిన దోషములలో సగము వాటియంతట అవియే అర్థమగును.

చికిత్సకు ముందు పాటింపవలసిన క్రమము

దర్పణము పనిచేయనప్పుడు పిల్లలు తొందరపడి పది మార్పులు ఒక్కమారే చేయుదురు. వానిలో ఏ మార్పు వలన మేలు కలిగెనో, దేనివలన కీడు కలిగెనో పిదప తెలియదు. వైద్యుడు నాడి చూచినట్లు క్రమముగా చూడవలెను. మొదట విద్యుత్తు, తరువాత తెర, తరువాత ఇంటర్నెట్టు, తరువాత అమరిక పత్రము, కడపట ఒక్కొక్క భాగము. ఒక్కమారు ఒక్క మార్పే చేయవలెను. చేసిన మార్పును తేదీతో సహా ఒక నోటుపుస్తకమున వ్రాయవలెను. పావలా ఖర్చు లేని యీ అలవాటు ఎన్నో గంటల శ్రమను తప్పించును.

విద్యుత్తు వలన కలుగు దోషములు

దర్పణము మాటిమాటికి ఆగి మరల మొదలగుచున్నను, తెర మూలన మెరుపుతీగ వంటి గుర్తు కన్పట్టినను, దానికి చాలినంత విద్యుత్తు అందుటలేదని గ్రహింపవలెను. రాస్ప్‌బెర్రీ పై మూడవ తరమునకు 5.1 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లును, నాల్గవ తరమునకు 3 ఆంపియర్లును, ఐదవ తరమునకు 5 ఆంపియర్లును ఇయ్యగల ఛార్జరు వలయును. వోల్టేజి సుమారు 4.63కు తగ్గినప్పుడు ఆ మెరుపు గుర్తు వచ్చును. ఇంటనున్న పాత ఫోను ఛార్జరు ఇందుకు చాలదు. ఛార్జరు మంచిదైనను సన్నని, పొడుగైన తీగను వాడినచో దారిలోనే వోల్టేజి తగ్గిపోవును. కావున మొదట తీగను మార్చి చూడుడు. దానితోడను తీరనిచో ఛార్జరును మార్చుడు.

రెండవ దోషము కరెంటు కోతలది. ఈ చిన్న కంప్యూటరు తన జ్ఞాపకమునంతను బొటనవ్రేలి గోరంతటి మెమరీ కార్డులో దాచుకొనును. కార్డుపై వ్రాత సాగుచుండగా కరెంటు హఠాత్తుగా పోయినచో ఆ వ్రాత చెడిపోవును. తెరపై ఆంగ్లపు వరుసలు కొన్ని కనిపించి అంతటితో ఆగిపోవుటకు ఇది సామాన్యమైన కారణము. కావున దర్పణమును స్విచ్చితో ఆపక, కంప్యూటరునకు ఆపివేయు ఆజ్ఞ నిచ్చిన పిమ్మటనే స్విచ్చి తీయవలెను. కోతలు అధికముగా నుండు ఊళ్ళలో చిన్న బ్యాటరీ సాధనము నొకదానిని నడుమ నమర్చుట మేలు. అన్నిటికంటె ముఖ్యమైనది, దర్పణము చక్కగా పనిచేయుచున్న నాడే ఆ కార్డునకు నకలు తీసి వేరొక కార్డులో భద్రపరచుట. మూలప్రతి చెడిన నాడు నకలు ఐదు నిమిషములలో ప్రాణము పోయును.

మూడవది వేడి. చట్రమును నాలుగు వైపుల మూసివేసినచో లోపలి వేడి బయటికి పోజాలదు. ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో ఈ కంప్యూటరు తనను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. వేసవి మధ్యాహ్నములందు మాత్రమే దర్పణము మందగించుచున్నచో కారణము ఇదియేనని తలపవలెను. చట్రమునకు క్రింద కొన్ని, పైన కొన్ని రంధ్రములు చేసినచో వేడిగాలి పైకి పోయి చల్లగాలి క్రిందినుండి వచ్చును.

గడియారము తప్పుటకు కారణములు

దర్పణము చూపు గంట తప్పైనచో, ఎంత తప్పినదో మొదట లెక్కింపుడు. ఆ లెక్కయే రోగమును చెప్పును.

సరిగా ఐదున్నర గంటలు గాని, నాలుగున్నర గంటలు గాని వెనుకబడి యున్నచో, అది గడియారపు దోషము కాదు, దేశపు దోషము. ఈ కంప్యూటరు ఇంగ్లండున పుట్టినది గనుక మనము మార్చని పక్షమున లండను కాలమునే చూపును. మన దేశపు కాలము గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందు. ఇంగ్లండున వేసవిలో గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు గనుక ఆ నెలలలో భేదము నాలుగున్నర గంటలగును. కాలమండలమును ఆసియా, కోల్‌కతా అని మార్చినచో దోషము తొలగును.

భేదము లెక్కకు లొంగక, ఒకనాడు మూడు గంటలు, మరియొకనాడు పదునొకండు గంటలు నున్నచో కారణము వేరు. నాల్గవ తరము వరకు ఈ కంప్యూటర్లలో గంటను గుర్తుంచుకొను బ్యాటరీ గడియారము లేదు. ప్రారంభమైన ప్రతిసారి అవి ఇంటర్నెట్టు నడిగి గంట తెలిసికొనును. కరెంటు వచ్చియు ఇంటర్నెట్టు రానిచో, ఆగిపోయిన నాటి గంటనుండియే లెక్క మొదలుపెట్టును. పరీక్షనాడు ఇట్టి గడియారమును నమ్మిన బాలుని గతి యేమగునో ఆలోచింపుడు! దీనికి విరుగుడుగా డీఎస్ 3231 అను చిన్న గడియారపు పలకను, నాణెము వంటి బ్యాటరీతో సహా, కంప్యూటరునకు తగిలింపవచ్చును. ఐదవ తరపు కంప్యూటరులో గడియారము లోపలనే కలదు గాని దాని బ్యాటరీని మనమే వేరుగా కొని తగిలింపవలెను. ఈ యేర్పాటు చేయునంతవరకు దర్పణము ప్రక్కన మామూలు గోడగడియారము నొకదానిని ఉంచుటయే వివేకము.

తెరకు, అద్దమునకు సంబంధించిన దోషములు

రాత్రివేళ అద్దము మధ్య బూడిదరంగు దీర్ఘచతురస్రము వెలుగుచు కన్పట్టుట పలువురు చెప్పు ఫిర్యాదు. సామాన్యమైన తెరలకు వెనుక దీపము ఎల్లప్పుడు వెలుగుచుండును. నలుపును చూపునప్పుడు సైతము కొంత వెలుతురు తప్పించుకొని బయటపడును. ఇది చెడిపోవుట కాదు, తెర స్వభావము. తెర కాంతిని తగ్గించుటయు, తెర చుట్టునున్న ఖాళీ స్థలమును నల్లకాగితముతో మూయుటయు దీనికి ఉపాయములు. అక్షరములు మసకగా నున్నచో గది వెలుతురు అధికమైనదని యర్థము. దర్పణమును కిటికీ కెదురుగా గాక ప్రక్కగోడకు తగిలింపుడు.

ముఖము సాగినట్లును, వంకరగాను కన్పట్టినచో అది గాజు కాదు, యాక్రిలిక్ పలక యని తలపవలెను. పలక పలుచనిదై చట్రమున బిగిసియున్నచో వంగి, తిరునాళ్ళలోని వింత అద్దమువలె చూపును. బిగింపును కొంచెము వదులు చేయుడు. అయితే యాక్రిలిక్‌నకు ఒక మంచి గుణము గలదు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందము గల గాజు సుమారు 2 కిలోల 400 గ్రాములు తూగును. అంతే కొలతగల యాక్రిలిక్ పలక ఇంచుమించు 1 కిలో 150 గ్రాములే తూగును. పగిలినను గాజువలె ముక్కలై గుచ్చుకొనదు. పసిపిల్లలున్న యింట ఇది ఆలోచింపదగిన విషయము.

తెర నిలువుగా నుండవలసినది అడ్డముగా వచ్చుట మరియొక చిక్కు. పాత పుస్తకములలోను, పాత పాఠములలోను చెప్పిన ఉపాయము నేటి యంత్రములందు పనిచేయకపోవచ్చును. 2023 అక్టోబరులో ఈ కంప్యూటరును నడుపు మూలవ్యవస్థయందు తెరను నిర్వహించు పద్ధతి మార్పు చెందినది. క్రొత్త వ్యవస్థలో తెర అమరికలను తెరచి అచటనే దిశను మార్చుకొనవలెను. ఇక పది నిమిషములకు ఒకమారు తెర నల్లబడుచున్నచో అది రోగము కాదు, నిద్ర. తెర నిద్రించు ఏర్పాటును రద్దుచేసినచో సరిపోవును.

అమరిక పత్రమునందలి తప్పులు

దర్పణము ఏమి చూపవలెనో, ఏ మూల చూపవలెనో తెలుపు పత్రమొకటి కంప్యూటరులో నుండును. దానికి కాన్ఫిగ్ అని పేరు. దీనియందు ఒక్క కామా లోపించినను, తెరచిన బ్రాకెట్టు మూయబడకున్నను దర్పణము మొత్తము పనిచేయుట మానును. అమరిక పత్రమును సృష్టింపుడనియో, ఉన్నదానిలో తప్పులను చూచుకొనుడనియో ఆంగ్లమున నొక వాక్యము మాత్రము తెరపై కన్పట్టును. అది చూచి యంత్రము చెడినదని భయపడనక్కరలేదు. మన వ్యాకరణమున విభక్తి తప్పినచో వాక్యార్థము చెడునట్లే యిదియు.

ఉద్ధరణ చిహ్నముల విషయమున ప్రత్యేక జాగ్రత్త వలయును. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాములు ఈ చిహ్నములను అందముగా వంచి వ్రాయును. కంప్యూటరు భాషకు నిటారుగా నున్న చిహ్నములే పనికివచ్చును. కావున పత్రమును సాదా వ్రాతకు ఉద్దేశించిన ప్రోగ్రాములోనే దిద్దవలెను. పత్రమును తనిఖీ చేసి తప్పు ఏ వరుసలో నున్నదో చెప్పు ఆజ్ఞ యొకటి మ్యాజిక్ మిర్రర్‌లోనే కలదు. దిద్దిన ప్రతిసారి దానిని నడిపి చూచుట నేర్పుడు.

తప్పు కనబడనిచో వేరుచేయు పద్ధతి నవలంబింపుడు. గడియారము, క్యాలెండరు, శీతోష్ణస్థితి, వార్తలు అను భాగములను మాడ్యూళ్ళు అందురు. ఒక్కొక్క మాడ్యూలును తాత్కాలికముగా నిలిపివేయు సదుపాయము గలదు. అన్నింటిని నిలిపి గడియారమును మాత్రము నడుపుడు. అది నడచినచో రెండవదానిని చేర్చుడు. దేనిని చేర్చినంతనే దర్పణము ఆగునో దోషము అందే యున్నది.

మ్యాజిక్ మిర్రర్‌నకు మూడు నెలల కొకమారు క్రొత్త కూర్పు వచ్చును. క్రొత్త కూర్పు రాగానే పాత మాడ్యూళ్ళు కొన్ని పొసగకపోవుట కలదు. పరీక్షల దినములలో క్రొత్త కూర్పు జోలికి పోక, సెలవులలో, అదియు అమరిక పత్రమునకు నకలు తీసిన పిమ్మటనే మార్చుట మంచిది.

న్యూయార్కు నుండి మన యూరికి

అమరిక పత్రమును మార్చక దర్పణమును తొలిసారి నడిపినవారికి వింత కనబడును. శీతోష్ణస్థితి న్యూయార్కు నగరముది. వార్తలు న్యూయార్కు టైమ్సువి. సెలవుదినములు అమెరికా దేశమువి. సంక్రాంతి లేదు, ఉగాది లేదు. పరాయి యింటి యద్దమని మొదట చెప్పినది దీనినే. అది చేసినవారి దోషము కాదు. ఏదో యొక మాదిరి చూపవలెను గనుక దానిని చూపిరి. మార్చుకొనుట మన పని.

శీతోష్ణస్థితి కొరకు మన యూరి అక్షాంశ రేఖాంశముల నియ్యవలెను. మన సంఘమువారు విరివిగా నివసించు కొన్ని యూళ్ళ అంకెలు ఇవి: చెన్నై 13.08, 80.27, బెంగుళూరు 12.97, 77.59, షోలాపురము 17.66, 75.91; బరంపురము 19.31, 84.79; యానాము 16.73, 82.22. వీనిలో మొదటిది అక్షాంశము, రెండవది రేఖాంశము. ఈ రెండింటిని తారుమారు చేయుట సర్వసాధారణమైన పొరపాటు. అట్లు చేసినచో దర్పణము షోలాపురమునకు బదులు ఉత్తర ధ్రువ సమీపమునందలి స్పిట్స్‌బెర్గెన్ దీవుల ప్రాంతపు చలిని చూపును. మే నెలలో మంచు కురియుచున్నదని దర్పణము చెప్పినచో అంకెలను మార్చి చూడుడు. భూగోళ పాఠము చెప్పుటకు ఇంతకంటె మంచి సందర్భము దొరకదు.

శీతోష్ణస్థితి స్థానమున ఏదియు రాక వేచియుండుడను మాటయే నిలిచియున్నచో, సమాచారమిచ్చు సంస్థ మనలను గుర్తింపలేదని యర్థము. కొన్ని సంస్థలు తాళపుచెవి వంటి గుప్తాక్షరముల నిచ్చును. వానిని పొందిన వెంటనే అవి పనిచేయకపోవచ్చును, కొన్ని గంటలు వేచియుండవలెను. ఓపెన్ వెదర్ అను సంస్థ తన పాత మార్గములలో నొకదానిని 2024లో మూసివేసినందున పాత దర్పణములు కొన్ని మూగవోయినవి. ఓపెన్ మీటియో అను సంస్థ, వ్యాపారము కాని వాడుకకు, ఏ గుప్తాక్షరములును లేకయే సమాచార మిచ్చును. గృహములకు ఇదియే సులభము.

తెలుగక్షరముల విషయము

ఇక మన పాఠశాల తల్లిదండ్రులకు అత్యంత ముఖ్యమగు విషయమునకు వత్తము. దర్పణమున తెలుగు వాక్యము వ్రాసినంతనే అక్షరములకు మారుగా చిన్న చిన్న గళ్ళు వరుసగా కన్పట్టుట సంభవించును. అది చూచిన బాలుడు, తెలుగు కంప్యూటరునకు రాదు కాబోలునని యనుకొనును. ఆ తలంపు ఒక్కమారు నాటుకొన్నచో తొలగించుట కష్టము. వాస్తవ మేమనగా, ప్రపంచ లిపులన్నింటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ అను ప్రమాణమున 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగునకు స్థానము కలదు. గళ్ళు వచ్చుటకు కారణము, ఆ కంప్యూటరులో తెలుగు ఖతి లేకపోవుట మాత్రమే. ముద్రణాలయమున తెలుగు టైపులు తెప్పించుకొనక తెలుగు పుస్తకము అచ్చువేయ నెంచినట్లుండును. నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు, పోతన 2000, వేమన 2000 మొదలగు ఖతులు ఉచితముగా లభించును. వీనిలో నొకదానిని చేర్చి దర్పణమును మరల ప్రారంభించినచో గళ్ళు పోయి అక్షరములు వచ్చును.

గళ్ళకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరములును, గుర్తులును వచ్చినచో కారణము వేరు. ముద్రణాలయములలో వాడు పాత ఖతులు కొన్ని యూనికోడ్ ప్రమాణమును పాటింపవు. అవి ఆంగ్లాక్షరముల స్థానములందే తెలుగు రూపములను నిలిపియున్నవి. అట్టి ఖతిలో కూర్చిన ఆహ్వానపత్రిక నుండియో, సంచిక నుండియో వాక్యములను ఎత్తి దర్పణమున పెట్టినచో అవి చదువ వీలుకావు. ఆ వాక్యములను యూనికోడున మరల వ్రాయవలెను, లేదా మార్పు చేయు ప్రోగ్రాముచే మార్పించవలెను. ఫోనులో వ్రాయు తెలుగు యూనికోడే గనుక, అమ్మమ్మ ఫోనులో వ్రాసి పంపిన సామెతయైనను నేరుగా దర్పణమున పెట్టవచ్చును.

మూడవ చిక్కు, అక్షరములు వచ్చియు గుడులు, వత్తులు కోసివేసినట్లుండుట. ఆంగ్లమునకు వత్తులు లేవు. దాని వరుసల నడుమ ఎడము మనకు చాలదు. స్త్రీ, రాష్ట్రము వంటి మాటలలో అక్షరము క్రిందికి రెండంతస్తులు దిగును. అలంకారమునకై వేరుగా నుంచిన కస్టమ్ అను పత్రమున వరుసల ఎడమును పెంచవలెను. ఈ ప్రోగ్రాము సన్నని గీతల అక్షరములను, బూడిదరంగును కొన్నిచోట్ల వాడును. అద్దము గుండా చూచునప్పుడు తెలుగక్షరముల సన్నని మలుపులు ఆ రంగులో కన్పట్టవు. కొంచెము లావు గీతయు, శుద్ధమైన తెలుపును, పెద్ద పరిమాణమును ఎన్నుకొనుడు. వృద్ధులును సుఖముగా చదువగలరు.

భాషను తెలిపెడు చోట టి, ఇ యను రెండాంగ్లాక్షరముల నుంచినచో వారముల పేరులు, మాసముల పేరులు తెలుగున వచ్చును. అనువాదము కాని మాటలు ఆంగ్లముననే యుండును. వానిని తెలిగించు పని మన పిల్లలే చేయవచ్చును. ఉచిత ప్రోగ్రాము గనుక అట్టి అనువాదములు పంపువారికి ద్వారము తెరచియే యుండును.

మన యింటికి అనువుగా దిద్దుకొనుట

కాంప్లిమెంట్సు అను మాడ్యూలు చూచువారిని పలుకరించుచు ముప్పది సెకండ్ల కొక వాక్యము మార్చును. తెల్లవారుజామున 3 గంటలనుండి మధ్యాహ్నము 12 వరకు ఉదయ వాక్యములు, 12 నుండి 5 వరకు మధ్యాహ్న వాక్యములు, తరువాత సాయంకాల వాక్యములు. దానితో వచ్చు ఆంగ్ల వాక్యములలో కొన్ని మన పిల్లల యెదుట చదువదగినవి కావు. ఆ కారణముచేతనైనను వానిని మార్చవలెను. ఉదయమున "టిఫిను డబ్బా సర్దుకొంటివా?" అనియు, సాయంకాలమున "ఇంట గెలిచి రచ్చ గెలువు" వంటి సామెతయు నుంచినచో బాగుండును. వారమునకు పది సామెతలు చేర్చు భారమును పిల్లలపై నుంచుడు. వారు తాతగారి నడిగి తెత్తురు. తెలుగు చదువని బంధువులున్న యింట ప్రక్కనే తమిళముననో, కన్నడముననో, మరాఠీననో, ఒడియాననో అదే భావము గల సామెత నుంచవచ్చును. రెండు భాషలు ఒకే యద్దమున ఇమిడినందున దేనికిని కొరత కలుగదు.

నిర్ణీత దినమున మాత్రమే కనబడు వాక్యమును గూడ నుంచవచ్చును. ఆగస్టు 29వ తేది గిడుగు వేంకట రామమూర్తిగారి జన్మదినము. 1863లో జన్మించిన ఆయన నేటి ఒడిశా రాష్ట్రమునందున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, సవరల భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన మహనీయుడు. ఆనాడు ఆయన నామము దర్పణమున కన్పట్టినచో పిల్లలు ఆయన యెవరని అడుగుదురు. అట్లే యింటివారి జన్మదినములను చేర్చవచ్చును.

పాటింపవలసిన జాగ్రత్తలు

క్యాలెండరును దర్పణమునకు కలుపుటకు రహస్యమైన చిరునామా యొకటి వాడుదురు. ఆ చిరునామా తెలిసినవారెవరైనను మీ క్యాలెండరును చదువగలరు. కుటుంబము ఊరువిడిచి ఎన్నడు పోవునో అందు వ్రాసియున్నచో దొంగకు తాళము చెప్పినట్లగును. కావున అమరిక పత్రమును ఇతరులకు చూపునప్పుడు ఆ చిరునామాను తొలగించి చూపవలెను. గదిలోనికి వచ్చువారందరు చూచు యద్దమున ఆరోగ్యవిషయములు, ధనవిషయములు ఉంచరాదు. పాఠశాలలో పెట్టు దర్పణమున పిల్లల మార్కులు, బకాయి ఫీజులు చూపుట ఎంతమాత్రమును తగదు.

కొందరు దర్పణమునకు కెమెరా, మైకు తగిలించుచున్నారు. అద్దమెదుట మనుష్యుడు ఏమరుపాటుగా నుండును, దుస్తులు సరిచేసికొనును. అట్టి చోట కెమెరా యుండరాదని నా దృఢాభిప్రాయము. మనిషి వచ్చినప్పుడు తెర వెలుగవలెనన్నచో కదలికను మాత్రమే పసిగట్టు చిన్న సాధనము చాలును. అది బొమ్మను తీయదు. పైగా విద్యుత్తును పొదుపుచేయును. కంప్యూటరు, తెర కలిసి 25 వాట్లు వాడుననుకొన్నచో రేయింబవళ్ళు వెలిగినప్పుడు నెలకు 18 యూనిట్లగును. దినమునకు 8 గంటలు మాత్రమే వెలిగినచో 6 యూనిట్లతో సరిపోవును.

మానిటరు పై తొడుగును తీయవచ్చును గాని, దాని లోపలి విద్యుత్తు పలకను పిల్లలు తాకరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను అందు ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. ఆ పని తెలిసిన మేస్త్రీచే చేయింపుడు. బరువైన దర్పణమును ఒక్క మేకునకు తగిలింపక, గోడకు మరలు దిగగొట్టి రెండు చోట్ల బిగింపుడు. పడక పైనను, స్నానపుగదిలోను ఉంచకుడు.

తల్లిదండ్రులకు మనవి

ఈ దర్పణము లేనియెడల సంసారము నడువకపోదు. కాని దీనిని నిర్మించి, చెడినపుడు బాగుచేసుకొన్న బాలునకు యంత్రమన్న భయము తొలగును. లెక్కలు, భూగోళము, విద్యుచ్ఛాస్త్రము, వ్యాకరణము ఒక్కచోట కలసి పనిచేయుట ప్రత్యక్షముగా చూచును. అంతకంటె గొప్పలాభము మరియొకటి గలదు. పాఠశాలలో తెలుగు చదువు గంట దినమునకు ఒకటియో రెండో. వీధిలో బోర్డులు తెలుగున లేవు. ఇట్టి చోట పిల్లవాని కన్ను తెలుగక్షరముపై ప్రతి ఉదయము పడునట్లు చేయుట చిన్న విషయము కాదు. కావున పిల్లలు ఈ పని తలపెట్టినప్పుడు ఖర్చునకు జంకి కాదనకుడు. వారు గళ్ళు చూచి నిరాశపడిన నాడు ప్రక్కన కూర్చుండి, ఖతి యున్నదో లేదో చూడుమని చెప్పుడు. యంత్రము వారికి తెలియును. భాష మీకు తెలియును. ఇద్దరును కలసి కూర్చున్నచో దర్పణము తప్పక బాగగును.